స్టీరింగ్ తిప్పిన రోజు

హిందూపురం పరిశ్రమల వాడలో చివరి షెడ్డు అది. బోర్డు మీద ‘ప్రగతి వాహన పరీక్షా కేంద్రం’ అని ఉంటుంది కానీ, ఆటోవాళ్లకు టెస్టింగ్ షెడ్డు అంటేనే తెలుస్తుంది. కార్ల కంపెనీలు తమ బండ్లను అక్కడికి పంపి, సైలెన్సర్‌లోంచి వచ్చే వాయువుల్లో ఏ విషం ఎంత ఉందో కొలిపించుకుంటాయి. కారు వెనక చక్రాలను నేలలో అమర్చిన ఇనుప రోలర్ల మీద నిలిపి, ముందు భాగాన్ని బెల్టులతో కట్టేసి ఇంజను నడుపుతారు. చక్రాలు ఎనభై కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నా కారు ఉన్నచోటే ఉంటుంది. సైలెన్సర్‌కు తగిలించిన గొట్టం గుండా వాయువు మిషన్‌లోకి పోతుంది. తెర మీద రంగురంగుల గీతలు కదులుతాయి. ఆ గీతలు చదివి రిపోర్టు రాసే పని సంగీతది.

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. కనగానపల్లి పక్కన పల్లె. తండ్రి ఇమ్మానుయేలు మూడెకరాల్లో వేరుశెనగ పెడతాడు. పాలిటెక్నిక్ డిప్లొమా చేతిలో పెట్టుకుని ఏడేళ్ల కిందట ఈ షెడ్డులో అడుగు పెట్టినప్పుడు ఆమెకు గ్యాస్ సిలిండరు మూత తిప్పడం కూడా రాదు. అన్నీ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది షెడ్డు పెద్ద గోవిందరాజులు. లెక్క తేడాగా వస్తే ముందు మన మిషన్‌ను అనుమానించాలి, తర్వాతే బండిని అనేవాడాయన. ఆయనకు కోపం తక్కువ, మాట తక్కువ. పనివాళ్ల ఇళ్లలో పెళ్లికీ చావుకీ తప్పకుండా కనపడేవాడు.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో బెంగళూరు నుంచి ఒక కాలేజీ వాళ్లు వచ్చారు. గాలి కాలుష్యం మీద వాళ్లేదో అధ్యయనం చేస్తున్నారు. జనం వాడుతున్న డీజిల్ కార్లు పది తీసుకుని, ఒకసారి షెడ్డులో రోలర్ల మీద, ఇంకోసారి నిజమైన రోడ్డు మీద కొలిచి ఇమ్మన్నారు. ఆ పని చూసే అర్చన అనే ఆవిడ ఒక షరతు పెట్టింది. మిషన్ ఇచ్చిన అంకెలను ఏ మార్పూ లేకుండా వారం వారం తనకు పంపాలి. గోవిందరాజులు ఒప్పుకుని సంతకం చేశాడు.

పది కార్లలో మూడు వరేణ్య మోటార్స్ వాళ్ల ‘సారథి’ బండ్లు. ఏడుగురు కూర్చునే ఆ కారు ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటిలోనూ తిరుగుతుంది. పెళ్లివాళ్లను, కూలీలను, బడిపిల్లలను మోస్తుంది. షెడ్డుకు వచ్చే పనిలో సగానికి పైగా ఆ కంపెనీదే.

ఆ మూడింటిలో ఒకదాన్ని అడిగి తెచ్చింది సంగీతే. దాని యజమాని చెన్నప్పది ఆమె ఊరే. నాలుగు పల్లెల పిల్లలను రోజూ ధర్మవరంలో బడికి తీసుకుపోయి తీసుకొస్తాడు. ముందు అతనికి పాత జీపు ఉండేది. దాని పొగకు పిల్లలు దగ్గుతున్నారని అమ్మేసి, ఇది అన్నిటికన్నా శుభ్రమైన బండి అని షోరూమువాళ్లు చెబితే సారథి కొన్నాడు. సంగీత అడగ్గానే తాళాలు చేతిలో పెట్టాడు. బడికి వారం రోజుల సెలవులు అయిపోయేలోపు తిరిగి ఇచ్చేస్తే చాలన్నాడు.

రోడ్డు పరీక్షకు డ్రైవరు నల్లప్ప. గుడిబండ మనిషి, యాభై నాలుగేళ్లుంటాయి. మడకశిర నుంచి తుమకూరుకు ఇరవై రెండేళ్లు లారీ తోలి, మోకాళ్లు పట్టేసి ఈ పనిలోకి వచ్చాడు. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నడంలోకి జారిపోతాడు. కారు వెనక ఒక మిషన్ బిగించి, దాని గొట్టాన్ని సైలెన్సర్‌కు కలిపి, బ్యాటరీల పక్కన సంగీత కూర్చునేది. హిందూపురం బజారులోంచి సోమందేపల్లి, పెనుకొండ మీదుగా హైవే ఎక్కి, చెన్నేకొత్తపల్లి దగ్గర దిగి ధర్మవరం. మళ్లీ అదే దారిన వెనక్కి. ఊరి రద్దీ, పల్లె రోడ్డు, హైవే మూడూ ఆ దారిలో ఉన్నాయి.

మొదటి సారథిని తీసుకుని పోయిన రోజున పెనుకొండ దాటగానే ఒక గీత పైకి లేచింది. నైట్రోజన్ ఆక్సైడ్ల గీత అది. కంటికి కనిపించని వాయువు. పొగలా నల్లగా ఉండదు, ఘాటు వాసన కూడా పెద్దగా తెలియదు. పీల్చగా పీల్చగా ఊపిరితిత్తులను లోపలి నుంచి పాడు చేస్తుంది. గీత లేవడం మామూలే, లేచింది దిగుతుంది. ఇది దిగలేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర సంగీత కారు ఆపించి, గోవిందరాజులు నేర్పినట్టే ముందు మిషన్‌ను అనుమానించింది. చిన్న సిలిండరులోని కొలత తెలిసిన వాయువును దానిలోకి వదిలి చూసింది. మిషన్ సరిగ్గానే చెబుతోంది. సాయంత్రం షెడ్డుకు వచ్చి లెక్క కట్టింది. చట్టం ఒప్పుకునే హద్దుకు పదకొండు రెట్లు.

రెండో సారథి తొమ్మిది రెట్లు. మూడోది, చెన్నప్పది, పన్నెండు. మిగతా కంపెనీల కార్లు కూడా రోడ్డెక్కితే షెడ్డులో కన్నా రెండింతలో మూడింతలో ఎక్కువే వదిలాయి, ఇంత కాదు. విచిత్రమేమంటే రోలర్ల మీద పది కార్లలోకీ ఎక్కువ శుభ్రంగా తేలినవి ఈ మూడే. సంగీత గొట్టాలు మార్చింది, ఫిల్టర్లు మార్చింది, డీజిల్ ఇంకో బంకులో కొట్టించింది. రెండు వారాల్లో ఆ మూడింటితో ఎనిమిది సార్లు పోయి వచ్చారు. ప్రతిసారీ అంతే.

ఎనిమిదోసారి పెనుకొండలో టీకి ఆగారు. ఆమె కంప్యూటరు ముందే కూర్చుంది. నల్లప్ప రెండు గ్లాసులు పట్టుకొచ్చి ఒకటి కిటికీలోంచి అందించాడు.

“ఈ బండి రోడ్డు మీద ఒక మాదిరి, షెడ్డులో ఇంకో మాదిరి ఉండాది సంగీతమ్మా,” అన్నాడు. “ఆడ రోలర్ల మీద నిద్రపోతాండేదాని మాదిరి ఉంటాది. ఈడ లాగుతాది. ఇంజను సౌండే వేరు.”

“అదే ఇంజను కదన్నా. షెడ్డులో నువ్వు చేయంది రోడ్డు మీద ఏం చేస్తాండావు?”

నల్లప్ప తన చేతుల వైపు చూసుకున్నాడు. “ఆడ కాళ్లకే పని. చేతులకు పనేముండాది? స్టీరింగు పట్టుకోని ఊరికే కూచుంటా.”

సంగీత టీ తాగకుండా గ్లాసు పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున చెన్నప్ప బండినే మళ్లీ రోలర్ల మీదికి ఎక్కించారు. పది నిమిషాలు మామూలుగా నడిపారు. గీత నేలకు అంటుకుని నడిచింది. స్టీరింగును ఎడమకు తిప్పమని, మళ్లీ కుడికి తిప్పమని, మలుపుల రోడ్డు మీద తోలుతున్నట్టు ఆడించమని ఆమె అద్దాల గది నుంచి నల్లప్పకు సైగ చేసింది. కదలకుండా నిలబడి ఉన్న ముందు చక్రాలు బెల్టుల మధ్య అటూ ఇటూ మెసిలాయి. కొద్ది క్షణాలకు ఇంజను గొంతు మారింది. అద్దానికి అవతలున్న సంగీతకు కూడా ఆ మార్పు వినబడింది. తెర మీద గీత లేచి, రోడ్డు మీద చూసిన ఎత్తుకు పోయి నిలిచింది. స్టీరింగు తిన్నగా పెట్టినా దిగలేదు. ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేశాక దిగింది.

కారులో ఎక్కడో కూర్చున్న చిన్న కంప్యూటరు చక్రాలు తిరుగుతున్నాయా, స్టీరింగు కదులుతోందా అని చూసుకుంటోంది. చక్రాలు తిరిగి స్టీరింగు కదలకపోతే అది పరీక్ష. అప్పుడు శుభ్రంగా నడవాలి. స్టీరింగు కదిలిందంటే రోడ్డు. అక్కడ ఎలా నడిచినా అడిగేవాళ్లు లేరు. ఇది ఎవరి పొరపాటూ కాదు. ఎవరో కూర్చుని, ఆలోచించి, రాసి పెట్టారు. నల్లప్ప కారు దిగి వచ్చి తెర చూశాడు.

గోవిందరాజులును పిలిచి చూపించారు. ఆయన తనే డ్రైవరు సీట్లో కూర్చుని మూడుసార్లు నడిపాడు, మూడుసార్లు తిప్పాడు. దిగి వచ్చి పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు. సరిచూసుకునేందుకని ఆపి ఉంచిన ఈ మూడు కార్ల అంకెలు ఆ వారం కూడా బెంగళూరుకు పంపవద్దని, తను కంపెనీవాళ్లతో మాట్లాడతానని చెప్పి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత వరేణ్య నుంచి అరవింద్ అనే ఇంజనీరు వచ్చాడు. ముప్పై ఐదేళ్లు దాటని మనిషి. మర్యాదగా మాట్లాడాడు. రాయలసీమ ఎండకు ఇంజను వేడెక్కి పాడవకుండా కొన్ని రక్షణలు పెట్టామని, అవి పనిచేసినప్పుడు వాయువులు కొంచెం పెరగడం సహజమని, దాన్ని లోపంగా చూడకూడదని వివరించాడు. గోవిందరాజులు వింటున్నాడు. సంగీత అంతా విని ఒక్క మాట అడిగింది.

“ఎండకూ స్టీరింగుకూ సంబంధమేంది సార్?”

అరవింద్ ఆమె వైపు చూసి, చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు. వెళ్లేటప్పుడు షెడ్డు గడప దగ్గర ఆగి, ఏదో అనబోయినట్టు వెనక్కి తిరిగి, అనకుండానే కారెక్కాడు.

ఆ సాయంత్రం గోవిందరాజులు ఆమెను గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. రోడ్డు పరీక్షలో మిషన్ లోపం వల్ల మూడు వాహనాల అంకెలను పక్కన పెట్టామని అందులో ఉంది. కింద మూడు సంతకాలకు చోటు. మిషన్ నడిపినవాళ్లది, డ్రైవరుది, షెడ్డు పెద్దది.

“నేను దీన్ని మంచిదని చెప్పడం ల్యాదమ్మా,” అన్నాడాయన. “ఈ షెడ్డులో ముప్పై ఎనిమిది మంది ఉండారు. వాళ్ల పని ఆగిపోతే రెండు నెలలు గూడా నడపలేను. ఆ మూడు బండ్లు తీసేసి మిగతా ఏడింటికీ రిపోర్టు ఇస్తాం. అబద్ధం ఏమీ రాయడం ల్యా. కొంత వదిలేస్తాండాం, అంతే.”

“మిషన్ లోపమని రాసినాం కద సార్.”

ఆయన కాగితాన్ని సొరుగులో పెట్టాడు. ఆదివారం పోయి ఇంటిదగ్గర ఆలోచించుకుని రమ్మన్నాడు.

చెన్నప్ప బండిని నల్లప్ప అప్పటికే తోలుకుపోయి ఇచ్చి వచ్చాడు. శనివారం మధ్యాహ్నం సంగీత ఊళ్లో బస్సు దిగేసరికి ఆ బండి రచ్చకట్ట పక్కన నీడలో ఉంది. చెన్నప్ప బకెట్టులో నీళ్లు పెట్టుకుని అద్దాలు తుడుస్తున్నాడు. వెనక సీటు మీద ఎవరో పిల్ల మరిచిపోయిన రిబ్బను ఉంది.

“ఏమ్మా, నా బండి పాసయినట్టేనా?” అని అడిగాడు.

అతని ముఖంలో సందేహం లేదు. మంచి మార్కులొచ్చిన పిల్లవాడి తండ్రి అడిగినట్టు అడిగాడు.

“ఇంకా తేలలేదు మామా,” అంది.

“తేలినాక చెప్పు. పిల్లల అమ్మానాయనోళ్లకు చూపిస్తా,” అన్నాడు చెన్నప్ప, మళ్లీ గుడ్డ ముంచుతూ.

ఇంట్లో ఇమ్మానుయేలు విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలుస్తున్నాడు. ఆమె పక్కన కూర్చుని తనూ ఒలుస్తూ జరిగిందంతా చెప్పింది. రోలర్ల సంగతి, స్టీరింగు సంగతి ఆయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ముప్పై ఎనిమిది మంది గురించి చెప్పింది. గోవిందరాజులు తనకు ఎంత చేశాడో తండ్రికి తెలుసు. ఆయన ఒలిచే చేయి ఆపకుండా విన్నాడు.

“చెన్నప్ప అడిగినాడా?”

“అడిగినాడు.”

“ఏం చెప్పినావు?”

“తేలలేదని చెప్పినా నాయనా.”

“తేలింది గదమ్మా,” అన్నాడు ఇమ్మానుయేలు. ఆదివారం ప్రార్థనకు పోయి వచ్చాక కూడా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. సోమవారం పొద్దున బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

ఆ బస్సులో కూర్చుని సంగీత చాలా రకాలుగా ఆలోచించింది. తను సంతకం పెట్టకపోతే ఇంకెవరి చేతనైనా పెట్టిస్తారు. పెడితే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. బండ్లు నడుస్తూనే ఉంటాయి, పొగ కనపడదు కాబట్టి ఎవరూ తిట్టరు. షెడ్డు మిగులుతుంది. తనతో పాటు పనిచేసే మేరీ ఇద్దరు పిల్లల ఫీజులూ ఆ షెడ్డు మీదే ఉన్నాయి. మేరీ మొహం చూడాలంటే భయం వేసింది. చెన్నప్ప మొహం అప్పటికే చూసి వచ్చింది.

గోవిందరాజులు గదిలోకి పోయి సంతకం పెట్టనని చెప్పింది. ఆయన గట్టిగా మాట్లాడతాడనుకుంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, నల్లప్పను పిలిపించాడు. నల్లప్ప కాగితాన్ని దూరంగా పెట్టుకుని నెమ్మదిగా చదివాడు.

“ఎనిమిది తూర్లు నేనే తోలినా సార్,” అన్నాడు. “ఎనిమిది తూర్లూ గీత పైకే పోయింది. మిషను మంచిదే. చెడ్డదని నేనెట్ల పెట్టేది?”

కాగితం బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. గోవిందరాజులు సంగీతను కూడా వెళ్లమన్నట్టు తల ఆడించాడు.

ఆమె తన కంప్యూటరు ముందు కూర్చుంది. ఒప్పందంలో ఏముందో ఇంకోసారి చదువుకుంది. ఏ మార్పూ లేకుండా, వారం వారం. ఎనిమిది రోడ్డు పరీక్షల ఫైళ్లూ, రోలర్ల మీద స్టీరింగు తిప్పిన నాటి ఫైలూ కలిపి అర్చనకు పంపింది. రిజిస్టరులో తేదీ వేసి ‘మొత్తం పంపడమైనది’ అని రాసి కింద సంతకం పెట్టింది. ఆ రిజిస్టరు తీసుకెళ్లి గోవిందరాజులు ముందు పెట్టింది. దొంగతనంగా చేశానని ఆయన అనుకోకూడదు అనుకుంది. ఆయన ఆ లైను చదివాడు, రిజిస్టరు మూసి వెనక్కి ఇచ్చాడు.

గంట గడవకముందే అర్చన ఫోను చేసింది. మిషన్ సరిచూసుకున్నారా అని మూడు రకాలుగా అడిగింది. తర్వాత పరీక్షలు చేసిన తేదీలన్నీ రాసుకుంది.

సంగీత ఆ పూట సెలవు అడిగి ధర్మవరం రైలెక్కింది. బడి వదిలే వేళకు గేటు దగ్గరికి చేరుకుంది. చెన్నప్ప బండి వేపచెట్టు కింద ఇంజను ఆన్ చేసి ఉంది. ఎండ ఎక్కువగా ఉంది, పిల్లలు ఎక్కేసరికి ఏసీ చల్లబడాలని ముందే ఆన్ చేసి పెడతాడు. పిల్లలు ఆ బండి వెనకే గుంపుగా నిలబడి ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఆమె ముందు ఇంజను ఆపమంది. తర్వాత చెప్పింది.

చెన్నప్పకు అర్థమవడానికి కొంతసేపు పట్టింది. బండిలో ఏదైనా రిపేరా, చేయిస్తే పోతుందా అని అడిగాడు. రిపేరు కాదని, చేసినవాళ్లే అలా చేశారని చెప్పింది. పన్నెండు రెట్లు అంటే ఎంత అని అడిగాడు. రోడ్డు మీద హద్దులో నడిచే పన్నెండు బండ్లు పోతే వచ్చేది నీ ఒక్క బండిలోంచి వస్తోందని చెప్పింది. అతను వెనక్కి నడిచి వెళ్లి సైలెన్సర్ దగ్గర వంగి చూశాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు.

“పొగ కనపడదు గదమ్మా,” అన్నాడు. “కనపడింటే నేనే ఆపేసింటి.”

తర్వాత ఆమె వైపు తిరిగాడు. “మొన్న అడిగితే తేలలేదంటివే.”

“తప్పయింది మామా.”

చెన్నప్ప వెనక తలుపు తీశాడు. పిల్లలను ఎక్కమన్నాడు. వాళ్లను ఇళ్లకు చేర్చడానికి ఇంకో బండి లేదు. ఆమెనూ ఎక్కమన్నాడు. దారిలో ఆగిన చోటల్లా చెన్నప్ప ఇంజను ఆపేశాడు.

ఆ తర్వాత జరిగింది నెమ్మదిగా జరిగింది. కాలేజీవాళ్లు అంకెలను ప్రభుత్వానికి పంపారు. పేపర్లలో వచ్చింది. వరేణ్య మోటార్స్ మొదట అంతా తప్పన్నది, ఏదో చిన్న షెడ్డులో చేసిన పరీక్ష అన్నది. ఏప్రిల్ నుంచి షెడ్డుకు ఆ కంపెనీ బండ్లు రావడం ఆగిపోయింది. వాళ్లను చూసి ఇంకో రెండు కంపెనీలూ ఆపేశాయి. జూన్‌లో షెడ్డుకు తాళం పడింది. ఆఖరి రోజున గోవిందరాజులు ఒక్కొక్కరినీ పిలిచి సర్టిఫికెట్లు ఇచ్చాడు. సంగీత వంతు వచ్చినప్పుడు కవరు అందించాడే గానీ తలెత్తి చూడలేదు. మేరీ ఆమెతో మాట్లాడటం మానేసింది. చర్చిలో ఎప్పుడూ పక్కన కూర్చునే మనిషి రెండు వరసలు వెనక్కి పోయింది. నల్లప్ప గుడిబండ వెళ్లిపోయి పాల వ్యాను తోలుతున్నాడు. పండగకో పబ్బానికో ఫోను చేస్తాడు. మోకాళ్ల గురించి, వానల గురించి మాట్లాడి పెట్టేస్తాడు.

ప్రభుత్వం వేరే ఊళ్లో, వేరే మిషన్లతో, ఇరవై సారథి బండ్లను పరీక్ష చేయించింది. స్టీరింగు తిప్పి చూస్తే అన్నిటిలోనూ గీత పైకే లేచింది. విచారణలో స్టీరింగును బట్టి ఇంజను తీరు మార్చే ఆ ప్రోగ్రాం రాసినవాళ్లలో తను ఒకడినని అరవింద్ ఒప్పుకున్నాడు. వాయువును శుభ్రం చేసే కొత్త పరికరం వచ్చేదాకా ఒక్క ఏడాదికే అని పైవాళ్లు చెప్పారని, ఆ ఏడాది నాలుగేళ్లు అయిందని చెప్పాడట. నవంబరులో కంపెనీ తప్పు ఒప్పుకుని, అమ్మిన బండ్లన్నిటినీ వెనక్కి పిలిచి సరిచేస్తామని ప్రకటించింది. చెన్నప్ప బండి కూడా పోయి వచ్చింది. ఇప్పుడది ఎత్తు రోడ్డు మీద మునుపటిలా లాగదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అయినా అతను దాన్ని మార్చలేదు. సంగీత ఎదురుపడితే పలకరిస్తాడు. బండి గురించి మాత్రం ఆమెను మళ్లీ ఏమీ అడగలేదు.

సంగీతకు తన చదువుకు తగిన పని దొరకలేదు. ఆమె పేరు వినగానే కంపెనీలవాళ్లు తర్వాత చెబుతామనేవారు. చివరికి ధర్మవరంలో, అనంతపురం రోడ్డు మీద, పొల్యూషన్ సర్టిఫికెట్లు ఇచ్చే వ్యానులో కుదురుకుంది. వచ్చిన బండి సైలెన్సర్‌లో చిన్న గొట్టం పెట్టడం, అంకె చూడటం, కాగితం తీసి ఇవ్వడం. చీరల మూటలతో పోయే టీవీఎస్‌లు, ఆటోలు, ట్రాక్టర్లు. ఆ పనిలో ఆమె మనసుకు బాధ లేదు గానీ, సాయంత్రాలు ఊరికే కూర్చున్నప్పుడు ఒక సంగతి గుచ్చుకునేది. ఏడేళ్లు కన్నకూతురిలా చూసిన మనిషి అబద్ధానికి సంతకం పెట్టమన్నాడు. ఆఖరున మొహం కూడా చూడలేదు.

మరుసటి ఫిబ్రవరిలో ఒక రోజు పదకొండు గంటలప్పుడు ఒక పాత తెల్ల కారు వచ్చి ఆగింది. గోవిందరాజులు దిగాడు. బాగా చిక్కిపోయాడు. ధర్మవరంలో బంధువుల ఇంటికి వచ్చానని, ఎలాగూ సర్టిఫికెట్టు అయిపోయిందని అన్నాడు. సంగీత కుర్చీ వేసి, గొట్టం పెట్టి, అంకె చూసింది. అంతా హద్దులోనే ఉంది. కాగితం తీసి ఇచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, లేవకుండా అలాగే కూర్చున్నాడు.

“నిన్ను ఆ కాగితం మీద సంతకం పెట్టమన్నా,” అన్నాడు. “అది తప్పే. ఆ దినమే చెప్పింటే బాగుండు. నోరు రాలేదు.”

సంగీత గొట్టం చుట్ట చుడుతూ నిలబడింది.

“ఏప్రిల్లో వరేణ్యోళ్లు ఇంకో లెటరు పంపినారు. నీకు ట్రైనింగు ల్యాదు, మిషను నడిపేది తెలీదు, నువ్వు కొలిచిందంతా తప్పు అని. నేను సంతకం పెడితే షెడ్డుకు మళ్లీ బండ్లు పంపిస్తామన్నారు. కాలేజోళ్ల రిపోర్టు ఆడికాడికే పడిపోయేది.”

ఆ లెటరు సంగతి ఆమె ఎప్పుడూ వినలేదు. చేతిలోని గొట్టం ఆగిపోయింది.

“పెట్టలేదా సార్?”

“ఏడేండ్లు నేర్పింది నేనే గదమ్మా. నీకు రాదని ఎట్ల రాసేది,” అన్నాడు గోవిందరాజులు. “ఆ కాగితం వెనక్కి పంపినాకనే తాళమేసినా. ముప్పై ఏడు మంది మొహాలూ చూసినా, నీ మొహం చూడలేకపోయినా. చూస్తే చెప్పేస్తానని. చెప్పింటే షెడ్డు మూతపడింది నీ వల్లేనని జీవితాంతం మోస్తావని.”

సంగీతకు ఇన్ని నెలలుగా ఆయన మీద పెట్టుకున్నదంతా ఒక్కసారిగా ఎక్కడ దించాలో అర్థం కాలేదు. ఏడుపు వచ్చింది, ఆపుకుంది. వెనక ఒక ఆటో వచ్చి నిలబడి హారను కొట్టింది. గోవిందరాజులు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచాడు.

“రెండు నిమిషాలు ఉండప్పా,” అని ఆటోవాడికి చెప్పి, సంగీత ఆయనతో పాటు కారు దాకా నడిచింది. తలుపు తీసి పట్టుకుంది.

“ఇంటికి రాండి సార్ ఒకసారి,” అంది. “మా నాయన అడుగుతాంటాడు.”

వస్తానన్నాడాయన. కారు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా ఆమె రోడ్డు పక్కనే నిలబడింది. తర్వాత వచ్చి ఆటో సైలెన్సర్‌లో గొట్టం పెట్టింది.